టెస్లా కాయిల్‌కి ట్రిగ్గర్డ్ స్పార్క్ గ్యాప్: కట్టుకోవడం, పరీక్షించడం

మీ దగ్గర టెస్లా కాయిల్ ఇప్పటికే నడుస్తోంది. స్పార్క్ గ్యాప్ (కెపాసిటర్ నిండాక నిప్పురవ్వ దూకి దాన్ని కాయిల్ కింది చుట్టైన ప్రైమరీలోకి ఖాళీ చేసే సందు) కోసం రెండు ఇత్తడి బోల్టులో, వరసగా పేర్చిన రాగి పైపు ముక్కలో పెట్టుకున్నారు. మెరుపు వస్తోంది కానీ ఒకసారి అడుగున్నర, ఇంకోసారి అడుగు. శబ్దం కూడా తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది తప్ప ఒక శ్రుతిలో నిలబడదు. అక్కడి నుంచి ముందుకు పోదామనుకునేవాళ్ల కోసం ఇది. కాయిల్ ఇంకా కట్టనివాళ్లు ముందు ఇలాంటి కదలని మామూలు గ్యాప్‌తో, అంటే స్టాటిక్ గ్యాప్‌తో నడిపించి, ఒక నెల దానితో కుస్తీ పట్టి, తర్వాత ఇక్కడికి రండి.

నేను లెక్కకు తీసుకుంటున్న కాయిల్ ఇది: 10 కిలోవోల్టులు, 30 మిల్లీయాంప్‌ల పాత ఇనుప కోర్ నియాన్ సైన్ ట్రాన్స్‌ఫార్మర్, మన 230 వోల్టుల 50 హెర్ట్జ్ కరెంటు, ప్రైమరీకి శక్తి నింపిపెట్టే 15 నానోఫారడ్ల ట్యాంక్ కెపాసిటర్. మీది వేరే సైజు అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. 5 కిలోవోల్టుల బుల్లి కాయిల్ అయితే మాత్రం ఈ శ్రమంతా దండగ. స్టాటిక్ గ్యాప్ మీద గాలి ఊది సరిపెట్టుకోండి.

ముందు ప్రాణం సంగతి

15 నానోఫారడ్ల కెపాసిటర్ 14 కిలోవోల్టుల దగ్గర దాచుకునే శక్తి దాదాపు ఒకటిన్నర జౌల్. వినడానికి చిన్నదే. కానీ దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, అది వదిలిపెట్టదు. కాయిల్ మీద మెరుపు ఒంటిమీద పడ్డా ఏం కాదని వీడియోల్లో చూపించేవాళ్లని నమ్మకండి. మనుషుల్ని చంపేది పైన కనిపించే మెరుపు కాదు, కింద ప్రైమరీ వైపు నిశ్శబ్దంగా ఉండే 50 హెర్ట్జ్ హైవోల్టేజీ. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరకలేదని మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దాని వోల్టేజీ తక్కువే, కరెంటుకి మాత్రం అదుపు లేదు. పట్టుకుంటే రెండో అవకాశం ఇవ్వదు.

కాబట్టి: సప్లై ముందు 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై తెంపేసే స్విచ్) తప్పనిసరి. అది పదేపదే పడిపోతోందని తీసి పక్కన పెడితే మీరు ఈ పనికి తగరు. పక్కన ఇంకో మనిషి ఉండాలి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో అతనికి తెలిసుండాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రాకూడదు. చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. గ్యాప్‌ని నేరుగా చూడొద్దు, వెల్డింగ్ ఆర్క్‌లాగే కళ్లని కాల్చేస్తుంది. ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి కాబట్టి కిటికీలు తెరిచి ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే అసలు వద్దు. మీ టెన్షన్ మీకుంటుంది, పక్కింటివాళ్ల వైఫై, టీవీల టెన్షన్ కూడా ఎందుకు?

ఇంకొకటి, చికెన్ స్టిక్. మీటరు పొడుగు పీవీసీ పైపు, చివర ఇత్తడి కొక్కెం, కొక్కెం నుంచి ఎర్త్‌కి మందపాటి తీగ. ఆపిన ప్రతిసారీ ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి, ఈ కర్రతో కెపాసిటర్ రెండు కొసలూ తాకించాకే చెయ్యి పెట్టాలి. కెపాసిటర్ బ్యాంకులో ఒక్కోదానికి అడ్డంగా 10 మెగా ఓమ్‌ల బ్లీడర్ (మిగిలిన చార్జ్‌ని ఖాళీ చేసే రెసిస్టర్) ఉండాలి. నా బ్యాంకు 0.15 మైక్రోఫారడ్, 2000 వోల్టులవి పది సీరీస్‌లో. ఒక్కోదాని టైమ్ కాన్‌స్టంట్ 1.5 సెకన్లు. ఏడెనిమిది సెకన్లలో 14 కిలోవోల్టులు వంద వోల్టుల లోపుకి దిగుతాయి. బ్లీడర్ తెగిపోయి ఉంటే దిగవు, అందుకే కర్ర. మామూలు అర వాట్ రెసిస్టర్ ఒక్కటే అంత వోల్టేజీ తట్టుకోలేదు, పైన నిప్పురవ్వ దూకుతుంది. 2.2 మెగా ఓమ్‌లవి ఐదు సీరీస్‌లో అతికించి వాడండి.

ఎందుకు, ఎలా

స్టాటిక్ గ్యాప్ ఎప్పుడు పేలాలో తనే నిర్ణయించుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక వోల్టేజీ దగ్గర, వేడెక్కాక ఇంకా తక్కువ దగ్గర పేలుతుంది. ఒక అర్ధ చక్రంలో రెండుసార్లు, ఇంకో దాంట్లో అసలు పేలదు. కెపాసిటర్ సగం నిండకముందే ఖాళీ అయితే మెరుపు పొడుగు ఎక్కడి నుంచి వస్తుంది? తిరిగే చక్రం మీద ఎలక్ట్రోడ్లు ఉండే రోటరీ గ్యాప్ ఈ సమస్యని తీరుస్తుంది కానీ దానికి సింక్రొనస్ మోటార్, బ్యాలెన్స్ చేసిన చక్రం, లేత్ పని కావాలి. తేడా వస్తే టంగ్‌స్టన్ ముక్క తూటాలా ఎగురుతుంది.

ట్రిగ్గర్డ్ గ్యాప్‌లో తిరిగేది ఏమీ లేదు. రెండు పెద్ద ఎలక్ట్రోడ్లని తమంతట తాము పేలలేనంత దూరంలో పెడతాం. మధ్యలో సన్నటి మూడో ఎలక్ట్రోడ్. సరైన క్షణంలో దానికి కారు ఇగ్నిషన్ కాయిల్ నుంచి 20 కిలోవోల్టుల పైచిలుకు పల్స్ ఇస్తాం. మన నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మధ్య ట్యాప్ కోర్‌కి, కోర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది కాబట్టి ఒక ఎలక్ట్రోడ్ ప్లస్ 7, ఇంకోటి మైనస్ 7 కిలోవోల్టుల దగ్గర ఉంటే మధ్యది దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. పల్స్ రాగానే మధ్యది ఒక పక్కకి పేలుతుంది. వెంటనే అది ఆ పక్క వోల్టేజీకి చేరిపోతుంది. ఇప్పుడు మొత్తం 14 కిలోవోల్టులూ మిగిలిన సగం గ్యాప్ మీద పడతాయి, అదీ పేలుతుంది. గడియ తీసేది మనం, తలుపు తోసేది ట్రాన్స్‌ఫార్మర్.

సెకనుకి వంద అర్ధ చక్రాలు, వంద పేలుళ్లు. సరిగ్గా కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది. వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే శ్రుతి ఉంది చూశారా, అది కూడా వంద హెర్ట్జే. కాయిల్ అదే శ్రుతిలో, కాకపోతే గట్టిగా, నిలకడగా అరవాలి.

గ్యాప్ కట్టడం

అడుగు పలకకి 10 మిల్లీమీటర్ల హైలం షీట్ లేదా యాక్రిలిక్. చెక్క వద్దు. వానాకాలంలో తేమ పట్టి, దాని మీద నల్లటి కార్బన్ గీత పడి, ఆ గీతమీదుగానే కరెంటు పాకుతుంది.

పెద్ద ఎలక్ట్రోడ్లు రెండూ 12 మిల్లీమీటర్ల ఇత్తడి రాడ్. లేత్ దగ్గర రెండు పనులు చేయించండి: ఒక కొసని గుండ్రంగా తిప్పించడం, రెండో కొస నుంచి 50 మిల్లీమీటర్లు ఎం8 మర తీయించడం. ఈ మరే మీ కొలబద్ద. ఎం8 మామూలు మర ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది, పావు చుట్టుకి 0.3. గ్యాప్‌ని సర్దేటప్పుడు స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, చుట్లు లెక్కపెడితే చాలు. రాడ్ తోకకి మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకోండి. రెండు ఇత్తడి నట్లు, ఒకటి సర్దడానికి, ఒకటి బిగించడానికి. మోసే బ్రాకెట్లకి 5 మిల్లీమీటర్ల అల్యూమినియం ఎల్ యాంగిల్ వాడితే వేడి కూడా లాగేస్తుంది.

ట్రిగ్గర్ ఎలక్ట్రోడ్‌కి టంగ్‌స్టన్ తప్ప ఇంకేదీ నిలవదు. ఇనుప మేకు పెట్టి చూశాను, పది నిమిషాల్లో మొన కరిగి బొడిపె అయింది. టిగ్ వెల్డింగ్ రాడ్ 2.4 మిల్లీమీటర్లది కొనండి. రంగు చూసి కొనాలి. షాపులో నా సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే సాగుతుంది:

"ఎర్ర టిప్పు కాదన్నా, బంగారు రంగుది గానీ నీలం గానీ ఇవ్వు."

"ఎర్రదే బాగా కాలుద్ది సార్. అందరూ అదే పట్టుకెళ్తారు."

"నేను వెల్డింగుకి కాదులే, వేరే పని."

ఎర్ర టిప్పులో థోరియం ఉంటుంది. అది రేడియోధార్మికం. రాడ్ అలా పడి ఉంటే పెద్ద ప్రమాదం లేదు గానీ, గ్రైండర్ మీద మొన తీసినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. గ్యాప్‌లో అది ఆవిరవుతూనే ఉంటుంది కూడా. బంగారు, నీలం రంగువి లాంథనం కలిపినవి. మన పనికి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి.

టంగ్‌స్టన్‌ని 16 మిల్లీమీటర్ల టెఫ్లాన్ రాడ్‌లో రంధ్రం చేసి దూర్చండి. పెద్ద ఎలక్ట్రోడ్ల వరసకి అడ్డంగా, పక్క నుంచి వచ్చి, మొన సరిగ్గా మధ్య గీతకి చేరాలి. దాటి అవతలికి పోకూడదు. పోతే ఆర్క్ మొన మీద కాకుండా టంగ్‌స్టన్ ఒంటి మీద కాలుతుంది. టెఫ్లాన్ బయటికి కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి, లేదంటే పల్స్ గాల్లో దూకే బదులు పలక మీద పాకుతుంది.

మొదట పెద్ద ఎలక్ట్రోడ్ల మధ్య మొత్తం 6 మిల్లీమీటర్లు పెట్టండి, టంగ్‌స్టన్‌కి అటూ ఇటూ సమానంగా. గాలి తట్టుకునేది మిల్లీమీటరుకి సుమారు 3 కిలోవోల్టులు అనే లెక్క నునుపైన, చదునైన ఉపరితలాలకి. మొనలు, గీతలు ఉంటే అంతకంటే చాలా తక్కువకే పేలుతుంది. కాబట్టి ఈ 6 అనేది మొదలుపెట్టడానికే. తర్వాత పరీక్షలో ఎటూ మారుతుంది.

గాలి ఊదడం అలంకారం కాదు. పేలాక ఆర్క్ ఆరిపోవాలి, లేకపోతే సెకండరీకి వెళ్లిన శక్తి మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. టెస్లా కూడా 1890లలో తన గ్యాప్‌ల మీద గాలి ఊది చూశాడు, అయస్కాంతాలతోనూ ఆర్పి చూశాడు. ట్రిగ్గర్డ్ గ్యాప్‌కి ఉన్న అసలు బలహీనత ఇదే: రోటరీలోలాగా ఎలక్ట్రోడ్లు దూరం జరిగిపోవు కదా. కంప్యూటర్ ఫ్యాన్ చాలదు. కంప్యూటర్ రిపేరు షాపుల్లో దుమ్ము ఊదే చేతి బ్లోయర్ ఉంటుంది చూడండి, అది సరైనది. దాని ముక్కుకి అడుగు పొడుగు పీవీసీ పైపు తొడిగి, పైపు మూతిని గ్యాప్‌కి 3, 4 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. బ్లోయర్ మోటారు మాత్రం గ్యాప్‌కి దూరంగా ఉండాలి.

ట్రిగ్గర్ పెట్టె

దీనికి నేను మొదట చదువుకున్నవాడిలా ఆలోచించాను. జీరో క్రాసింగ్ పట్టుకునే ఆప్టోకప్లర్, ఆర్డుయినో, ఎల్‌సీడీ మీద డిగ్రీల్లో ఫేజ్. టేబుల్ మీద ముచ్చటగా పనిచేసింది. కాయిల్ పక్కన పెట్టి ఆన్ చేస్తే మొదటి పేలుడుకే బోర్డు రీసెట్. రేకు డబ్బాలో పెట్టాను, ఫిల్టర్లు పెట్టాను, రీసెట్ అవుతూనే ఉంది. మూడో ఆదివారం విసుగొచ్చి ఫ్యాన్ డిమ్మర్ తెచ్చిపెట్టాను, పనిచేసింది. టెస్లా కాయిల్ పక్కన తెలివైన సర్క్యూట్ కన్నా మొద్దు సర్క్యూటే మేలు.

కావలసినవి ఇవి. గుండ్రంగా తిప్పే ట్రయాక్ డిమ్మర్ ఒకటి (ట్రయాక్ అంటే ప్రతి అర్ధ చక్రంలో నాబ్ చెప్పిన క్షణానికి ఆన్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్). ఫ్యాన్‌కి వచ్చే స్టెప్పుల రెగ్యులేటర్ పనికిరాదు, దాంట్లో ఉండేవి కెపాసిటర్లు. పాత ఫ్యాన్ కెపాసిటర్ ఒకటి, 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులది. పాత కారు ఇగ్నిషన్ కాయిల్, డబ్బాలా ఉండి నూనె నింపినది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కాయిల్ కోసం ఏ ఊళ్లోనైనా ఆటో స్పేర్లు, పాత కార్ల స్క్రాప్ ఉండే చోటికి, విజయవాడవాళ్లయితే ఆటోనగర్‌కి వెళ్లండి. కొనేముందు మల్టీమీటర్ పెట్టండి: సెకండరీ సుమారు ఎనిమిది, పది కిలో ఓమ్‌లు చూపించాలి. అసలేమీ చూపకపోతే తీగ తెగిపోయిందని.

ఆఖరిది, 230 నుంచి 110 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్, 100 వీఏ. అమెరికా నుంచి మిక్సీయో, ఇంకోటో తెచ్చుకున్న ఇళ్లలో మూలన పడి ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. వీటిలో చాలావరకు ఆటోట్రాన్స్‌ఫార్మర్లు. వోల్టేజీ దింపుతాయి గానీ మెయిన్స్ నుంచి విడదీయవు. ప్లగ్ పీకేసి, మీటరు ఓమ్‌లలో పెట్టి, ఇన్‌పుట్ పిన్నుకీ అవుట్‌పుట్ పిన్నుకీ మధ్య కొలవండి. ఏ రెండింటి మధ్య కొద్దిపాటి ఓమ్‌లు చూపినా అది మనకి పనికిరాదు. ఇగ్నిషన్ కాయిల్‌లో ప్రైమరీ, సెకండరీ ఒక కొస పంచుకుంటాయి. విడదీయని సప్లై ఇస్తే ఇంటి ఫేజ్ నేరుగా గ్యాప్‌కి కలిసినట్టే.

కలపడం సులువు. 110 వోల్టుల ఒక కొస నుంచి డిమ్మర్, డిమ్మర్ నుంచి ఫ్యాన్ కెపాసిటర్, అక్కడి నుంచి ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ, తిరిగి 110 వోల్టుల రెండో కొసకి. అన్నీ ఒకే వరస. కెపాసిటర్‌కి అడ్డంగా 470 కిలో ఓమ్‌ల ఒక వాట్ రెసిస్టర్. డిమ్మర్ ఆన్ అయిన ప్రతిసారీ కెపాసిటర్‌లో మిగిలిన చార్జ్ ఒక్కసారిగా తిరగబడుతుంది. ఆ కుదుపు ప్రైమరీలో పడి సెకండరీలో వందరెట్లు పెరుగుతుంది. బైకుల్లో ప్లగ్‌కి స్పార్క్ ఇచ్చే సీడీఐ పెట్టె చేసే పని ఇదే, మనం మెయిన్స్ లయకి చేయిస్తున్నాం.

డిమ్మర్‌లో వచ్చిన ట్రయాక్‌ని పీకేసి బీటీఏ16, 800 వోల్టులది వేయండి. కెపాసిటర్‌లో మిగిలిన వోల్టేజీ, సప్లై పీక్ రెండూ కలిసి దాని మీద పడతాయి. చిన్నది తట్టుకుంటుందని ఆశపడొద్దు. డిమ్మర్ పొటెన్షియోమీటర్ కూడా సప్లైకే కలిసి ఉంటుంది కాబట్టి షాఫ్ట్, నాబ్ ప్లాస్టిక్‌వే ఉండాలి.

ఇప్పుడు అసలు కష్టం

ట్రిగ్గర్‌కి శత్రువు కాయిలే. ఇగ్నిషన్ కాయిల్ సెకండరీని నేరుగా మధ్య ఎలక్ట్రోడ్‌కి కలిపితే 50 హెర్ట్జ్‌కి అది పది కిలో ఓమ్‌ల దారి మాత్రమే. గ్యాప్ పేలిన ప్రతిసారీ ట్యాంక్ సర్క్యూట్ ఆ దారిలో చొరబడుతుంది. మొదటిసారి నేను చేసింది సరిగ్గా అదే. పైగా డిమ్మర్‌నీ నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాను. మూడు సెకన్లలో ట్రయాక్ షార్ట్, ఇగ్నిషన్ కాయిల్ మూత దగ్గర సన్నటి పగులు, గదంతా కాలిన నూనె వాసన.

కాబట్టి ఇగ్నిషన్ కాయిల్‌కీ మధ్య ఎలక్ట్రోడ్‌కీ నడుమ 500 పికోఫారడ్ల హైవోల్టేజీ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, 30 కిలోవోల్టులది. డోర్‌నాబ్ అంటారు. దొరక్కపోతే 1 నానోఫారడ్, 15 కిలోవోల్టుల నీలం డిస్కులు రెండు సీరీస్‌లో. 50 హెర్ట్జ్ దగ్గర 500 పికోఫారడ్లు ఆరు మెగా ఓమ్‌లకి పైన అడ్డుపడతాయి. ఐదు కిలోవోల్టులు పడినా ఒక మిల్లీయాంప్ కూడా దాటదు. వేగంగా వచ్చే పల్స్‌కి మాత్రం అది తెరిచిన తలుపే. ఆ తీగకి కారు ప్లగ్ వైర్ వాడండి, లోపల రాగి కాకుండా కార్బన్ దారం ఉన్నది. దాని నిరోధం రేడియో ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది.

ఇగ్నిషన్ కాయిల్ టవర్‌కీ (హైవోల్టేజీ బయటికొచ్చే మూతి) కామన్‌కీ (ప్రైమరీ, సెకండరీ పంచుకునే కొస) మధ్య 10 మిల్లీమీటర్ల చిన్న సేఫ్టీ గ్యాప్ కూడా పెట్టండి. పల్స్‌కి బయట దారి దొరక్కపోతే అది కాయిల్ లోపల దారి చేసుకుంటుంది.

ఎర్త్ విషయంలో ఒకే నియమం. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్, దాని సేఫ్టీ గ్యాప్ (వోల్టేజీ హద్దు దాటితే ముందే పేలి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడేది) మధ్య బంతి, ఇగ్నిషన్ కాయిల్ కామన్, టెస్లా సెకండరీ అడుగు కొస, నాలుగూ విడిగా పాతిన ఎర్త్ రాడ్‌కి. ఇంటి ఎర్త్‌కి కాదు. ఇంటి ఎర్త్ డిమ్మర్ పెట్టె రేకు డబ్బాకి. డబ్బా కాయిల్‌కి కనీసం 2 మీటర్లు దూరం. అందులోకి వచ్చే కరెంటు తీగకి రేడియో అలజడిని ఆపే ఈఎమ్‌ఐ లైన్ ఫిల్టర్. డబ్బా నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే రెండు తీగలు జడలా మెలేసి, ఫెరైట్ రింగులోంచి మూడు చుట్లు తిప్పి పంపండి. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్కో కాలుకి 1 కిలో ఓమ్, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఉంటే ప్రాణం నిలుస్తుంది. స్టాటిక్ గ్యాప్‌తో నడిపినవాళ్లకి ఇది ఇప్పటికే ఉండి ఉంటుంది.

పరీక్షలు, ఒక్కొక్కటిగా

అన్నీ కలిపేసి స్విచ్ వేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. ఒక పరీక్ష పాసైతేనే రెండోదానికి.

మొదటిది, ట్రిగ్గర్ ఒక్కటే. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ పీకి పక్కన పడేయండి. పెద్ద ఎలక్ట్రోడ్లు రెండింటినీ తాత్కాలికంగా ఎర్త్‌కి కలపండి. డిమ్మర్‌ని సగానికి తిప్పి ఆన్ చేయండి. మధ్య ఎలక్ట్రోడ్ నుంచి ఏదో ఒక పక్కకి నీలం రంగు సన్నటి స్పార్క్, ఆగకుండా జుయ్‌మనే శబ్దం. నాబ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. రెండు చివర్లలో స్పార్క్ బలహీనపడుతుంది లేదా ఆగిపోతుంది. బలంగా ఉన్న మేర ఎక్కడి నుంచి ఎక్కడి వరకో నాబ్ చుట్టూ 1 నుంచి 10 అంకెలు రాసి గుర్తుపెట్టుకోండి. అసలు పని ఆ మేరలోనే. సగం గ్యాప్ 3 మిల్లీమీటర్లు దూకుతోంది కదా అని సంతోషపడొద్దు, ఒకసారి 6 పెట్టి చూడండి, అదీ దూకాలి. దూకకపోతే ఫ్యాన్ కెపాసిటర్‌ని 4 మైక్రోఫారడ్లకి పెంచండి.

రెండోది, సేఫ్టీ గ్యాప్. ఎర్త్‌కి కట్టిన కలుపులు తీసేయండి. ట్యాంక్ కెపాసిటర్, మెయిన్ గ్యాప్ రెండూ విప్పేసి, నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి సేఫ్టీ గ్యాప్ మాత్రమే ఉంచండి. డిమ్మర్‌స్టాట్‌ని (నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే మెయిన్స్ వోల్టేజీని పెంచి తగ్గించే వేరియాక్, ట్రిగ్గర్ డిమ్మర్ కాదు) సున్నా నుంచి నెమ్మదిగా 230 వరకు పెంచండి. పేలితే ఆపి, ప్లగ్ పీకి, కర్ర తాకించి, పావు మిల్లీమీటరు జరపండి. పూర్తి వోల్టేజీలో పేలడం ఆగిన చోటికి ఒక్క పిసరు పైన బిగించండి. ఒక్కో పక్క రెండు, మూడు మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. ఇక దీన్ని ముట్టుకోవద్దు. తర్వాత ఎన్ని ఇబ్బందులొచ్చినా సేఫ్టీ గ్యాప్‌ని పెంచి పరిష్కరించడం అనే ఆలోచన రానివ్వకండి.

ఎందుకంటే ట్యాంక్ కెపాసిటర్ తగిలించాక లెక్క మారిపోతుంది. 10 కిలోవోల్టులు, 30 మిల్లీయాంప్‌లకి 50 హెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్ కుదిరే కెపాసిటర్ 9.5 నానోఫారడ్లు. మనది 15, అయినా గ్యాప్ పేలకుండా ఊరుకుంటే వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్‌ని దాటి ఎక్కిపోతుంది. స్టాటిక్ గ్యాప్ అయితే ఎలాగోలా తనే పేలుతుంది. ట్రిగ్గర్డ్ గ్యాప్‌లో ట్రిగ్గర్ చచ్చిపోతే పేల్చేవాడు ఉండడు, సేఫ్టీ గ్యాప్ ఒక్కటే దిక్కు. ఆన్ చేసేటప్పుడు ముందు బ్లోయర్, తర్వాత ట్రిగ్గర్, చివర హైవోల్టేజీ. ఆపేటప్పుడు దీనికి తిరగేసి. ట్రిగ్గర్ స్విచ్ వేయకుండా నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు వెళ్లకుండా ఒక రిలే పెట్టుకుంటే ఇంకా మంచిది. ట్రిగ్గర్ సప్లైని డిమ్మర్‌స్టాట్ తర్వాత కాకుండా నేరుగా మెయిన్స్ నుంచి వేరే సాకెట్‌లో తీసుకోండి. హైవోల్టేజీ తక్కువలో ఉన్నప్పుడు కూడా పల్స్ బలం తగ్గకూడదు.

మూడోది, మెయిన్ గ్యాప్, ట్యాంక్ లేకుండా. ట్రిగ్గర్ ఆపి, హైవోల్టేజీని పూర్తిగా పెంచండి. మెయిన్ గ్యాప్ తనంతట తాను పేలకూడదు. పేలితే రెండు పక్కలా పావు చుట్టు చొప్పున వెనక్కి. పేలడం ఆగాక హైవోల్టేజీని సగానికి దించి, ఈసారి ట్రిగ్గర్‌తో మొదలుపెట్టండి. పల్స్ పడగానే పసుపు ఊదా కలిసిన మెత్తని మంటలాంటి ఆర్క్ రావాలి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ట్రిగ్గర్ వేసిన దారినే పట్టుకుందన్నమాట. రెండు, మూడు సెకన్లు చాలు.

నాలుగోది, అసలు కాయిల్‌తో. ట్యాంక్, ప్రైమరీ, సెకండరీ అన్నీ కలపండి. టాప్‌లోడ్ (సెకండరీ నెత్తిన ఉండే లోహపు భాగం) మీద ఒక మొన, దానికి అడుగు దూరంలో ఎర్త్ చేసిన రాడ్. డిమ్మర్ నాబ్ మధ్యలో, డిమ్మర్‌స్టాట్ 100 వోల్టుల దగ్గర. ఐదు సెకన్లు నడపండి, ఆపండి. ఇక్కడి నుంచి చెవులే మీటర్లు.

ఫేజ్ పట్టుకోవడం

అర్ధ చక్రం 10 మిల్లీసెకన్లు. కెపాసిటర్ ఎప్పుడు నిండుగా ఉంటుందో ఆ క్షణంలో కొట్టాలి, ఇక్కడ ఫేజ్ అంటే చక్రంలో మనం కొట్టే ఆ క్షణమే. అది మెయిన్స్ పీక్ దగ్గరే ఉంటుందని అనుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్, ట్యాంక్ సైజు కలిసి దాన్ని పక్కకి జరుపుతాయి. డిమ్మర్, ఫ్యాన్ కెపాసిటర్ తమ వంతు ఇంకొంత జరుపుతాయి. లెక్క కట్టి కూర్చోవడం కన్నా నాబ్ తిప్పి చూడటం వేగం.

100 వోల్టుల దగ్గర నాబ్‌ని ఒక్కో అంకె జరుపుతూ ఒక్కోచోట నాలుగైదు సెకన్లు వినండి. ముందుగా కొడితే శబ్దం పలచగా, మెరుపు పొట్టిగా ఉంటుంది. సరైన చోటికి చేరేకొద్దీ దెబ్బ బరువెక్కుతుంది. ఆ చోటు దాటి ఆలస్యమైతే శబ్దంలో తడబాటు వస్తుంది, సేఫ్టీ గ్యాప్‌లో నిప్పు కనిపిస్తుంది. బరువైన చోటు నుంచి కొంచెం ముందుగా కొట్టే వైపుకి వచ్చి నిలపండి. తర్వాత డిమ్మర్‌స్టాట్‌ని 20 వోల్టుల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా నాబ్‌ని కాస్త అటూ ఇటూ కదిపి చూడండి. 230కి చేరేసరికి మొదట పెట్టిన చోటు నుంచి ఒకటి, రెండు అంకెలు జరిగి ఉంటుంది. నా కాయిల్‌కి 100 దగ్గర 5లో ఉన్నది పూర్తి వోల్టేజీకి 6 దాటింది.

చెవిని నమ్మలేకపోతే ఫోన్ స్లో మోషన్ వాడండి. సెకనుకి 240 ఫ్రేములైతే ఒక్కో పేలుడుకి రెండు, మూడు ఫ్రేములు పడతాయి. మెరుపు మెరుపుకీ ఎడం సమానంగా ఉందా, మధ్యలో ఏవైనా తప్పిపోతున్నాయా అనేది తెలిసిపోతుంది. ఫోన్‌ని కనీసం 3 మీటర్ల దూరంలో స్టాండ్ మీద పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. గ్యాప్‌ని కాదు, గ్యాప్ వెలుగు పడే గోడని తీయండి.

కుదరకపోతే

శబ్దం మళ్లీ ఆవాల తాలింపులా ఉందంటే గ్యాప్ ట్రిగ్గర్ కోసం ఆగకుండా తనే పేలుతోంది. ట్యాంక్ కలిపాక వోల్టేజీ పెరిగింది కదా, మూడో పరీక్షలో చాలిన దూరం ఇప్పుడు చాలదు. రెండు పక్కలా పావు చుట్టు చొప్పున వెనక్కి జరపండి, ఒక పక్కే జరిపితే మధ్య ఎలక్ట్రోడ్ మధ్యలో ఉండదు. జరపగా జరపగా సేఫ్టీ గ్యాప్ ముందు పేలడం మొదలైతే ఇంక గ్యాప్ పెంచి లాభం లేదు, ఫేజ్‌ని ఇంకాస్త ముందుగా కొట్టే వైపుకి తెండి.

పేలుళ్లు తప్పిపోతున్నాయంటే ట్రిగ్గర్ బలహీనం. ముందు టంగ్‌స్టన్ మొన చూడండి, తర్వాత డోర్‌నాబ్ కెపాసిటర్. చీకట్లో ట్రిగ్గర్ ఒక్కదాన్నే ఆన్ చేసి చూస్తే టెఫ్లాన్ మీదో, పలక మీదో నీలం గీత పాకుతుంటే అదే దొంగ.

గ్యాప్‌లో పటపటమనే తెల్లటి దెబ్బ బదులు బుస్సుమనే పసుపు మంట ఉంటే ఆర్క్ ఆరడం లేదు. గాలి పైపుని దగ్గరికి తెండి, దిశ మార్చండి. నా అనుభవంలో గాలి టంగ్‌స్టన్ వెనక వైపు నుంచి, దాని పొడుగునా వచ్చి మొన మీదుగా బయటికి పోతే బాగా ఆరుతుంది. ఎలక్ట్రోడ్లు తాకలేనంత వేడెక్కుతుంటే ఒక్కో విడత ముప్పై సెకన్లకి మించి నడపకండి.

డిమ్మర్ తనంతట తాను ఫేజ్ మార్చుకుంటున్నట్టు, శబ్దం ఎగిరెగిరి పడుతుంటే రేడియో ఫ్రీక్వెన్సీ పెట్టెలోకి దూరుతోంది. డబ్బా మూత స్క్రూలు బిగించారా? తీగలు మెలేశారా? డబ్బా ఎర్త్ తెగిందా? నాకు ఒకసారి రోజంతా వెతికాక తేలిందేమిటంటే, పెయింట్ గీకకుండా ఎర్త్ తీగ బిగించాను.

పది నిమిషాల నడక తర్వాత ప్లగ్ పీకి, కర్ర తాకించి, ఎలక్ట్రోడ్లు విప్పి చూడండి. ఇత్తడి మీద బూడిదరంగు మచ్చ పర్వాలేదు, గుంటలు పడితే సన్న ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ గుండ్రం చేయండి. టంగ్‌స్టన్ మొన అరిగి మధ్య గీతకి ఒక మిల్లీమీటరు వెనక్కి పోతే ముందుకి తోయండి. తోసిన ప్రతిసారీ మొదటి పరీక్ష ఒక్కటి మళ్లీ చేయండి, రెండు నిమిషాల పని. 15 సెంటీమీటర్ల టిగ్ రాడ్ ఒకటి కొంటే మూడు ముక్కలు వస్తాయి. కట్టర్‌తో కొరికితే చీలుతుంది, గ్రైండర్ చక్రం మీద చుట్టూ గాటు పెట్టి విరవండి.